తెనాలి మారదు... బాపట్ల మారుతుంది!

స్లోవాక్ భాషలో నామవాచకం లొంగాలంటే ఇంగ్లీషును కాసేపు పక్కన పెట్టాలి. మనింటి తెలుగును బయటికి తీయాలి!

తెనాలి జంక్షన్. టికెట్ కౌంటర్ ముందు పొడవాటి క్యూ. 'రేపల్లెకి ఒకటి' అంటారు ముందున్నాయన. 'బాపట్లకి రెండు' అంటుంది వెనకావిడ. రైలు దిగినాయన ఫోన్లో 'తెనాల్లోనే ఉన్నా, ఇంటికొచ్చేస్తున్నా' అంటుంటాడు. కి, లో, నుంచి, తో... ఎవరూ ఆలోచించి అనరు. వాటంతటవే నాలుక మీదికి వస్తాయి. 'ఇల్లు'కి 'కి' చేరిస్తే 'ఇల్లుకి' కాదు, 'ఇంటికి' అవుతుందని మూడేళ్ల బుడతడికీ తెలుసు. ఎవరు నేర్పారు? ఎవరూ నేర్పలేదు!

ఈ మూడు ఊళ్లనూ తీసుకెళ్లి ఐరోపా మధ్యలో ఉన్న స్లొవేకియా వాళ్ల చేతిలో పెడితే ఏమవుతుంది?

తమాషా జరుగుతుంది. స్లోవాక్‌లో బాపట్ల 'అ'కారాంతం కాబట్టి స్త్రీలింగం. ఇక ఊరుకోదు. బాపట్లకు వెళ్తున్నానంటే 'దొ బాపట్లి'. బాపట్లలో ఉన్నానంటే 'వ్ బాపట్లె'. బాపట్ల మీదుగా అంటే 'త్సెజ్ బాపట్లు'. అట్లు, బాపట్లు! ఇక 'తో' చేర్చాల్సి వస్తే 'బాపట్లొవ్'. తెనాలి మాత్రం చివర 'ఇ' ఉన్న పరాయి ఊరు కాబట్టి నపుంసకలింగం. టిబిలిసి, నైరోబీల లాగే దాన్ని ఎవరూ కదపలేరు. తెనాలికైనా, తెనాలిలోనైనా, తెనాలి నుంచైనా తెనాలే. చివర 'ఎ' ఉన్న రేపల్లెదీ అదే దారి. జింబాబ్వే పక్కన కూచుంటుంది. గుంటూరు హల్లుతో ముగుస్తుంది కాబట్టి పుంలింగం, 'వ్ గుంటూరె'. విజయవాడ మళ్లీ ఆడదే. రైలు దూరంలో ఉన్న ఊళ్ల మధ్య ఇన్ని తేడాలు మనకెప్పుడైనా తోచాయా?

ఇదంతా కాలక్షేపానికేనా అంటే, కాదు.

మంచం పక్కన ఇంగ్లీషు పనికిరాదు

స్లొవేకియా చిన్న దేశం. జనాభా దాదాపు 54 లక్షలు. 2011 లెక్కల ప్రకారం ఉమ్మడి గుంటూరు జిల్లాలోనే 48.9 లక్షల మంది ఉన్నారు. అంటే మన పాత జిల్లాకంటే కాస్త పెద్దది, అంతే. కానీ జనాభాతో పోలిస్తే ప్రపంచంలో అందరికంటే ఎక్కువ కార్లు తయారుచేసేది ఆ దేశమే. మన పెనుకొండలో కియా ఫ్యాక్టరీ 2019లో మొదలైంది. అదే కంపెనీ అంతకు చాలా ముందు, 2006లోనే స్లొవేకియాలోని జిలినాలో కార్లు చేయడం మొదలుపెట్టింది. టాటాల చేతిలో ఉన్న జాగ్వార్ ల్యాండ్ రోవర్ 2018లో నిత్రా పట్టణంలో ఫ్యాక్టరీ తెరిచింది. 2025 ఏప్రిల్‌లో రాష్ట్రపతి ద్రౌపదీ ముర్ము ఆ దేశం వెళ్లినప్పుడు నిత్రా కూడా వెళ్లారు. 2022లో ఉక్రెయిన్ యుద్ధం మొదలైనప్పుడు మెడిసిన్ చదివే భారతీయ పిల్లలు కొందరు సరిహద్దు దాటి స్లొవేకియాలోకి వచ్చి, కోషిట్సె నగరం నుంచి 'ఆపరేషన్ గంగ' విమానాలెక్కిన సంగతి గుర్తుండే ఉంటుంది. ఆ పేరు అప్పుడే మనలో చాలామంది మొదటిసారి విన్నారు.

ఆ కోషిట్సెలోనూ, మార్టిన్ అనే మరో పట్టణంలోనూ మెడిసిన్‌ను ఇంగ్లీషులోనే చెబుతారు. పాఠాలు ఇంగ్లీషు, పుస్తకాలు ఇంగ్లీషు, పరీక్షలు ఇంగ్లీషు. రోగి మాత్రం స్లోవాక్! అందుకే విదేశీ విద్యార్థులకు స్లోవాక్ కూడా ఒక సబ్జెక్టే. ఆసుపత్రి మంచం మీద పడుకున్న ముసలమ్మ 'బొలీ మ హ్లావా' అంటుంది. తల నన్ను నొప్పిస్తోంది అని అర్థం. ఇందులో 'మ' అంటే నన్ను. 'యె మి జ్లె' అంటే 'నాకు ఒంట్లో బాగాలేదు'. ఈ 'మి' అంటే నాకు. మ, మి... ఒక్క అచ్చు తేడా. ఏది ఎక్కడో పట్టుకోలేకపోతే ఎవరికి ఏమైందో అర్థం కాదు. ఉద్యోగానికి వెళ్లి, పదేళ్లు అక్కడే ఉండి, ఆ దేశ పౌరసత్వం అడిగినా స్లోవాక్ వచ్చా రాదా అని పరీక్షిస్తారు.

అక్కడికి వెళ్లే మన పిల్లలు ఏం చేస్తారు? ఇంగ్లీషులో రాసిన స్లోవాక్ వ్యాకరణం కొంటారు. మొదటి అధ్యాయంలోనే ఆరు విభక్తులు, మూడు లింగాలు, రెండు వచనాల పట్టిక ఎదురవుతుంది. పుస్తకం మూసేస్తారు. ఎందుకంటే ఇంగ్లీషులో విభక్తి దాదాపు చచ్చిపోయింది. 'బాపట్ల' అన్న మాట ఇంగ్లీషు వాక్యంలో ఎక్కడ పెట్టినా బాపట్లే. అందుకే ఇంగ్లీషు వాళ్ల కోసం రాసిన పుస్తకం విభక్తిని ఏదో వింత జంతువులా చూపిస్తుంది. మనకది వింత కాదు. పొద్దున లేచిన దగ్గర్నుంచీ ఇంట్లో తిరిగే పిల్లి!

నాకు చలి, నాకు నచ్చింది

ఒక చిన్న పరీక్ష పెట్టుకుందాం. చలేస్తోంది. ఇంగ్లీషువాడు 'నేను చల్లగా ఉన్నాను' అన్న పద్ధతిలో చెబుతాడు. తెలుగువాడు 'నాకు చలిగా ఉంది' అంటాడు. స్లోవాక్‌వాడు? 'యె మి జిమా'. యె అంటే ఉంది, మి అంటే నాకు, జిమా అంటే చలి. మాటల వరుస తప్ప అంతా మనదే! దిగులుగా ఉంటే 'యె మి స్ముత్నొ', నాకు దిగులుగా ఉంది. నచ్చితే 'పాచి స మి'. అక్కడ కూడా 'నేను బాపట్లను ఇష్టపడతాను' అని తిప్పి చెప్పరు. బాపట్ల కర్త, నాకు నచ్చింది. 'పాచి స మి బాపట్లా'. ఊరు మీద బెంగ పెట్టుకుంటే 'ఖీబా మి బాపట్లా', బాపట్ల నాకు కరువైంది అని. వయసు చెప్పాలన్నా ఇంగ్లీషువాడిలా 'నేను ఇరవై' అనరు. 'నాకు ఇరవై ఏళ్లున్నాయి' అన్న ధోరణే.

దీన్నిబట్టి తెలుగుకీ స్లోవాక్‌కీ చుట్టరికం ఉందనుకునేరు! లేదు. మనది ద్రావిడ కుటుంబం, వాళ్లది ఇండో-యూరోపియన్. చుట్టరికం ఉన్నది సంస్కృతానికి. వాళ్ల బ్రాత్ మన భ్రాత. సెస్త్రా అంటే స్వస, అంటే అక్కో చెల్లెలో. దెన్య్ అంటే దినం, ఒహెన్య్ అంటే అగ్ని. లెక్కపెట్టండి... ద్వా, త్రి, పెత్య్, దెసత్య్. ద్వి, త్రి, పంచ, దశ వినిపించడం లేదూ? కాబట్టి మాటలకు సంస్కృతం, వాక్యం నడకకు తెలుగు. రెండూ మన ఇంట్లోనే ఉన్నాయి.

వ్యాకరణమంటే తెనాలికి కొత్తేమీ కాదు. సంస్కృత శాస్త్రాలు గురుముఖంగా చదివినవాళ్లు రాసే 'తెనాలి మహాపరీక్ష'కి దేశమంతటా పేరుంది. 14 స్థాయులు దాటాలి. 2019లో ఓ 16 ఏళ్ల కుర్రాడు దాన్ని నెగ్గితే ప్రధాని నరేంద్ర మోదీ ట్విటర్లో మెచ్చుకున్నారు. ఇక పరభాషలంటారా... చందమామ చక్రపాణి తెనాలివారే. మదనపల్లె శానిటోరియంలో క్షయకు చికిత్స చేయించుకుంటూ బెంగాలీ నేర్చుకుని, శరత్ నవలలను తెలుగువాళ్ల ఇళ్లలోకి తెచ్చిన మనిషి. ఆయనకు ఏ కోచింగ్ సెంటరూ లేదు మరి.

'ఎవరికి?' అని అడగండి

స్లొవేకియా బడిపిల్లలు విభక్తుల్ని పేర్లతో బట్టీపట్టడం కంటే ముందు ప్రశ్నలతో పట్టుకుంటారు. వాటిని మనం హాయిగా తెలుగులోనే అడగొచ్చు. ఎవరు? ఎవరి? ఎవరికి? ఎవరిని? ఎవరి గురించి? ఎవరితో? సరిగ్గా ఆరు. వాళ్ల ఆరు విభక్తులూ ఈ వరుసలోనే ఉంటాయి. రమేశ్ అనే కుర్రాడు అక్కడికి వెళ్లాడనుకోండి. రమేశ్‌ది అంటే 'రమేషా', రమేశ్‌కి అంటే 'రమేషొవి', రమేశ్‌తో అంటే 'స్ రమేషొమ్'. సీత వెళితే సీతకి 'సీతె', సీతను 'సీతు'. లక్ష్మి వెళితే ఏ బాధా లేదు. తెనాలి లాగే ఆ అమ్మాయి పేరూ కదలదు.

మరి కష్టమెక్కడ? మన విభక్తి రైలు పెట్టె లాంటిది. ఏ ఇంజనుకైనా తగిలించొచ్చు. రాముడికి, సీతకి, చెట్టుకి, ఊళ్లకి... ఎక్కడైనా అదే 'కి'. బహువచనమైతే 'ల' అనే పెట్టె తగిలించి, దాని వెనక 'కి' పెడతాం. ఏ పెట్టె ఏదో విడివిడిగా కనిపిస్తుంది. స్లోవాక్ అలా కాదు, పులుసు. చింతపండు ఏది, బెల్లం ఏది అని విడదీయలేం. 'బాపట్లొవ్' చివరనున్న ఆ చిన్న చప్పుడులోనే స్త్రీలింగం, ఏకవచనం, 'తో' మూడూ ఉడికిపోయి ఉంటాయి. అందుకని ఒక్క 'కి' నేర్చుకుంటే చాలదు. పుంలింగానికో 'కి', స్త్రీలింగానికో 'కి', బహువచనానికి ఇంకో 'కి'.

అలాగని ప్రతి మాటకూ ఓ పట్టిక అక్కర్లేదు. సంస్కృతంలో 'రామ' శబ్దం వస్తే అకారాంత పుంలింగాలన్నీ వచ్చినట్టే. స్లోవాక్‌లోనూ అలా పన్నెండు నమూనా మాటలు బడిలో నేర్పుతారు. లింగానికి నాలుగేసి. మగమనిషి, వీరుడు, ఓక్ చెట్టు, యంత్రం... స్త్రీ, వీధి, అరచెయ్యి, ఎముక... పట్టణం, గుండె, మార్కుల సర్టిఫికెట్, ఆడపిల్ల. చదువుతుంటే ఏదో సినిమా కథ వినిపించడం లేదూ! ఆ పన్నెండూ నోటికొస్తే మిగతా మాటల్లో ఎక్కువ భాగం వాటి వెనకే నడుస్తాయి. ఊళ్లో రామ శబ్దం వల్లెవేసిన తాతగారు ఎవరైనా ఉంటే ఈ పని మనవడికంటే ముందు ఆయనే ముగిస్తారు.

ఆ పన్నెండో మాట దగ్గర కాస్త ఆగాలి. 'ద్యెవ్‌చా' అంటే ఆడపిల్ల. లింగం? నపుంసకం! నవ్వకండి. మనం 'అమ్మాయి వచ్చింది' అంటాం, 'ఆవు వచ్చింది' అంటాం, 'బస్సు వచ్చింది' అంటాం. క్రియ మూడింటికీ ఒకటే. మన వ్యాకరణాలు మగవాణ్ని 'మహత్తు' అని ఎత్తున కూర్చోబెట్టి, ఏకవచనంలో ఆడవాళ్లను పశువులు, వస్తువులతో కలిపేశాయి. బహువచనం వచ్చేసరికి మనసు మార్చుకుని 'వాళ్లు వచ్చారు' అని మనుషుల్లో చేర్చాయి. స్లోవాక్ సరిగ్గా తిరగేసింది. ఏకవచనంలో స్త్రీకి తన సొంత లింగం, సొంత రూపాలు ఉన్నాయి. బహువచనంలో మాత్రం మగవాళ్లుంటే 'ఒని', ఆడవాళ్లే అయితే జంతువులు, వస్తువులతో కలిపి 'ఒని'లోనే మరో రకం! రాతలో అచ్చు వేరు, చెవికి రెండూ ఒకేలా వినిపిస్తాయి. గుంపులో పదిమంది ఆడవాళ్ల మధ్య ఒక్క మగాడున్నా మగవాళ్ల రూపమే. ఎక్కడికెళ్లినా వ్యాకరణం రాసినవాళ్లు మగవాళ్లే అన్నమాట!

ప్రాణం ఉందా, లేదా అన్న లెక్క కూడా ఇద్దరికీ ఉంది. మనం 'అన్నం తిన్నా', 'నీళ్లు తాగా' అంటాం. 'అన్నాన్ని తిన్నా' అని ఎవరైనా అంటే పాఠ్యపుస్తకం మాట్లాడుతోందనుకుంటాం. కానీ 'అమ్మ చూశా' అనం, 'అమ్మను చూశా' అనాల్సిందే. జడమైన వాటికి ద్వితీయ బదులు ప్రథమ వస్తుందని చిన్నయసూరి బాలవ్యాకరణంలో చెప్పింది ఈ సంగతే. స్లోవాక్ పుంలింగంలోనూ ఇదే పద్ధతి. ఓక్ చెట్టును చూస్తే 'విదీమ్ దుబ్', మాట మారదు. మనిషిని చూస్తే 'విదీమ్ ఖ్లాపా', చివర 'ఆ' చేరుతుంది. ఇంగ్లీషు పుస్తకం ఈ నియమానికి రెండు పేజీలు ఖర్చు పెడుతుంది. 'అన్నం తిన్నా, అమ్మను చూశా' అన్న రెండు మాటలు చాలు మనకు.

మాట నడుములో విరగడం కూడా మనకలవాటే. ఇల్లు-ఇంటికి, నోరు-నోటికి, చెయ్యి-చేతికి, నుయ్యి-నూతికి. వీటిని మన పండితులు ఔపవిభక్తికాలన్నారు. వాళ్లకూ ఉన్నాయి. కుక్క 'పెస్', కుక్కది 'ప్సా'. నాన్న 'ఒతెత్స్', నాన్నది 'ఒత్సా'. బల్ల 'స్తువొల్', బల్ల మీద 'నా స్తొలె'. 'ఎందుకలా విరిగింది?' అని అడిగేవాళ్లు ముందు 'నుయ్యి' 'నూతి' ఎందుకయిందో చెప్పాలి!

తెలుగు తప్పుదారి పట్టించే చోట్లు

తెలుగును నమ్ముకుంటే అన్నీ సాఫీగా సాగిపోతాయని చెప్పడం లేదు. మన 'కి' ఊరికీ వాడతాం, మనిషికీ వాడతాం. స్లోవాక్‌లో ఊరికి వెళ్లేటప్పుడు 'దొ' పెట్టి షష్ఠి రూపం వాడాలి. డాక్టరు దగ్గరికి వెళ్లేటప్పుడే చతుర్థి. డాక్టరుకు 'దొ' తగిలిస్తే ఆయన లోపలికి దూరిపోతున్నట్టు!

'తో' ఇంకా ప్రమాదం. తమ్ముడితో వెళ్లాను, కత్తితో కోశాను... మనకు రెండూ ఒకటే 'తో'. వాళ్లకు తోడుగా వచ్చేవాటికే ముందు 'స్' ఉంటుంది. పనిముట్టుకు ఉండదు. 'స్ బ్రాతొమ్' అంటే అన్నతోనో తమ్ముడితోనో. ఉత్త 'నొజొమ్' అంటే కత్తితో. మనం 'రైల్లో వెళ్లా' అనేచోట వాళ్లు రైలును పనిముట్టుగా చూసి 'వ్లాకొమ్' అంటారు. అక్కడ పొరపాటున 'స్' తగిలించారో, రైలు పక్కనే పట్టాల వెంబడి మీరూ నడుచుకుంటూ వెళ్లినట్టు! తెనాలి నుంచి రేపల్లె లైన్లో వెళ్లే పాసింజరుకైతే సరిపోతుందేమో అని ఆ దారి ప్రయాణికులు జోకేస్తే మాత్రం మా పూచీ లేదు.

అంకెలు మరో తిరకాసు. 2009 నుంచి అక్కడ యూరో చెలామణీలో ఉంది. ఒకటైతే 'యెద్నొ ఎఉరొ'. రెండు, మూడు, నాలుగు అయితే 'ఎఉరా'. ఐదు దాటగానే 'పెత్య్ ఎఉర్'! ఐదు నుంచి షష్ఠీ బహువచనం వస్తుంది. 'ఐదు యూరోలు' కాదు, 'యూరోలలో ఐదు' అన్నట్టు. కూరగాయల కొట్టులో, బస్సులో రోజుకు పదిసార్లు వాడే మాట ఇది. ముందు దీన్నే పట్టుకోవడం తెలివైన పని.

విశేషణాల విషయంలో తెలుగు అసలు ఆదుకోదు. మంచి మనిషి, మంచి ఆవిడ, మంచి ఊరు... మన 'మంచి' దేనికీ తలవంచదు. వాళ్ల 'మంచి' మగవాడి పక్కన 'దొబ్రీ', ఆడమనిషి పక్కన 'దొబ్రా', ఊరి పక్కన 'దొబ్రె'. పైగా నామవాచకం ఏ విభక్తిలోకి వెళితే విశేషణమూ దాని వెనకే పరుగెత్తాలి. ఇక్కడ హిందీ మాస్టారిని గుర్తుచేసుకోండి. 'గాడీ ఆతీ హై, ఆతా హై కాదు' అని వేళ్ల మీద కొట్టిన దెబ్బలు ఇన్నాళ్లకు పనికొస్తాయి. ఆ మాటకొస్తే లింగం గుర్తుపట్టడంలో హిందీకంటే స్లోవాకే నయం. హల్లుతో ముగిస్తే సాధారణంగా పుంలింగం, 'అ'తో అయితే స్త్రీలింగం, 'ఒ'తో అయితే నపుంసకం. మినహాయింపులు లేకపోలేదు గానీ, చివరి అక్షరం చాలావరకు గుట్టు విప్పేస్తుంది.

వాళ్లకు గిడుగు ముందొచ్చారు

ఈ భాష పుస్తకాలకెక్కిన తీరు కూడా మనకు తెలిసిన కథలాగే ఉంటుంది. 1787లో ఆంటన్ బెర్నొలాక్ అనే మతగురువు మొదటి ప్రయత్నం చేశారు. 1843లో ల్యూదొవీత్ ష్తూర్, ఆయన మిత్రులు దేశం నడిబొడ్డున జనం మాట్లాడుకునే పలుకుబడినే రాతభాషగా నిలబెట్టారు. అంతా హంగేరీ రాజ్యంలో ఉన్న రోజులవి. మనకు అటుపైన పదిహేనేళ్లకు, 1858లో బాలవ్యాకరణం వచ్చింది. అది కావ్యభాషకు కట్టిన కోట. జనం నోటి తెలుగుకు పీట వేయమని గిడుగు రామమూర్తి పోరాడాల్సి వచ్చింది ఆ తర్వాత. వాళ్లకు గిడుగు ముందు వచ్చారు, మనకు సూరి ముందు వచ్చారు. అయినా ఆ సూరి రాసినదే స్లోవాక్ నేర్చుకునేవాడికి ఇవాళ కరదీపిక అవుతోందంటే ఆయనే నమ్మకపోవచ్చు.

చిక్కల్లా ఒకటే. ఇంగ్లీషు మీడియంలో చదివిన మన పిల్లలకు ఔపవిభక్తికం అన్న మాట తెలీదు. ద్వితీయ అంటే డేటు అనుకుంటారు. నాలుక మీద ఉన్నదానికి పేరు తెలియక, ఇంగ్లీషు పేర్లతో దాన్నే మళ్లీ కొనుక్కుంటున్నారు. పదో తరగతి తెలుగు వాచకం చివర ఉండే వ్యాకరణం పేజీలు చింపకుండా దాచుకున్నవాళ్లు అదృష్టవంతులు. స్లోవాక్ పాఠాలకైతే 'స్లొవాకె డాట్ ఈయూ' అనే వెబ్‌సైట్ ఉచితం. మెట్టు మెట్టుగా నేర్పుతుంది. బ్రాటిస్లావాలోని కొమెన్‌స్కీ విశ్వవిద్యాలయం విదేశీయుల కోసం 1965 నుంచి వేసవి బడి నడుపుతోంది. వర్ణమాల 46 అక్షరాలు. యాభై ఆరు దిద్దినవాళ్లకు అదో లెక్క కాదు.

సంబోధన మాట మరిచాం. 'ఓ రామా' అని పిలవడానికి వాళ్లకూ ఒకప్పుడు విడిగా ఓ విభక్తి ఉండేది. పక్కింటి చెక్ భాషలో ఇప్పటికీ ఉంది. స్లోవాక్‌లో మాత్రం అరిగి అరిగి పోయింది. 'పానె' అంటే అయ్యా, 'బొజె' అంటే దేవుడా... ఇలాంటివే కొన్ని మిగిలాయి. కానీ ఇళ్లలోకి వెళ్లి వింటే మరో సంగతి. అమ్మ 'మమా'. వంటింట్లో ఉన్న అమ్మను పిల్లలు పిలిచేది మాత్రం 'మమి!' అని. నాన్నను 'ఒత్సి!', నాయనమ్మను 'బబి!' అని. పుస్తకాల్లోంచి పోయిన విభక్తిని పిల్లలు వాకిట్లో మళ్లీ మొలిపించారు.